పక్కకి పదకొండు గోళీలు

ఈ పొద్దున వడమాలపేట ఇంకా రెండు మైళ్ళుందనగా నా సైకిలు టక్కుమంది. కుడికాలు కిందికి తొక్కినప్పుడల్లా టక్. ఎడమకాలికి ఏమీ లేదు. మళ్ళీ కుడికాలు, మళ్ళీ టక్. పుత్తూరు రోడ్డు మీద లారీల రొదలో కూడా ఆ చప్పుడు నన్ను వదల్లేదు. పక్కన తొక్కుతున్న మామకీ వినబడినట్టుంది, చెయ్యెత్తి నన్ను ఆపాడు. మామ అంటే నాకు మామేమీ కాడు. మా పొద్దుటి సైకిళ్ళ గుంపులో అందరికీ మామే. తిరుపతిలో నలభై ఏళ్ళు అద్దె సైకిళ్ళ అంగడి నడిపి, అద్దె సైకిళ్ళకు కాలం చెల్లాక అంగడి మూసేసి, చేతులు మాత్రం ఊరికే పెట్టుకోలేక మా సైకిళ్ళన్నిటికీ వైద్యుడైన మనిషి. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, పెడలు చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. "కప్పు, అయివారూ. కుడిపక్క కప్పు పోయుండాది. విప్పి, గ్రీజు పట్టించి, కొత్త గోళీలు..." అని అక్కడికాగి నాలుక కరుచుకున్నాడు. నా మొహం చూడకుండా చేతులు ప్యాంటుకు తుడుచుకుని లేచాడు. ఆయన చెప్పింది సరైన మాటే. పెడళ్ళ ఇరుసు తిరిగేది రెండు చిన్న ఇనప గిన్నెల్లో, వాటినే సైకిలు అంగళ్ళలో కప్పులంటారు. వాటిలో ఉండే ఇనప గుండ్లను గోళీలంటారు. ఇది ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం, కప్పు, గ్రీజు, గోళీలు అన్న మూడు మాటలు ఒక్క ఊపిరిలో వింటే మూడేళ్ళ తర్వాత కూడా అప్పటి కంపు ఎక్కడినుంచో లేచి ముక్కుకు తగులుతుంది.

ఆరోగ్యం కోసం సైకిలు తొక్కుతున్నానని అందరికీ చెబుతుంటాను. అది శుద్ధ అబద్ధం. ముప్పై మూడేళ్ళు తెలుగు అయివారుగా పనిచేసి రిటైరైన మరుసటేడు మా ఇంటామె బాత్‌రూములో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లోపల రాడ్డు వేసి, మూడు నెలలు మంచం దిగవద్దన్నారు డాక్టర్లు. కిటికీ పక్కన మంచం వేశాము. ఆ గదిలో నొప్పుల నూనె వాసన, ఫినాయిలు వాసన, వాటి రెండింటి కిందా దాగని మరో వాసన. పొద్దున ఐదున్నరకు ఒక ఆయమ్మ వచ్చి ఆమెకు కావలసినవన్నీ చేసి పోయేది. ఆయమ్మ బెడ్‌పాన్ తీసే సమయానికి నేను ఇంట్లో ఉండకూడదు, అంతే. ఆమెకు సిగ్గుగా ఉంటుందని పైకి చెప్పాను గానీ, నాకు రోత. కట్టుకున్న పెళ్ళాం, నాకు ముప్పై ఏళ్ళు మూడు పూటలా వండిపెట్టిన మనిషి. నేను టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు నా వాంతులు రెండు చేతులా ఎత్తిన మనిషి. అయినా నాకు రోతే. ఆ రోతనుంచి పారిపోవడానికి అటక మీద తుప్పు పట్టిన సైకిలు దించాను. ఒక మనిషికి తన మీద తనకే అసహ్యం పుట్టడానికి ఇది చాలు. కానీ అప్పట్లో నాకు నా మీద పుట్టలేదు, మిగతా అందరి మీదా పుట్టింది.

ముఖ్యంగా ఆ గుంపు మీద. బిగుతు నిక్కర్లలో యాభై దాటిన మగవాళ్ళు ఎలా ఉంటారో నేను వర్ణించను, చదివేవాళ్ళు భోజనానికి ముందుండవచ్చు. టోల్‌గేటు ముందున్న టీ అంగడి దగ్గర ఆగగానే ఒకే నీళ్ళ సీసా అందరి నోళ్ళూ తిరిగి వచ్చేది. ఒకాయన ఒక ముక్కుపుట నొక్కిపట్టి రెండో పుటను రోడ్డు మీదికి ఖాళీ చేసేవాడు. రిటైరైన బ్యాంకాయన ఒకడు, తనకు ఆ పొద్దున విరేచనం సాఫీగా అయిందో లేదో మాకు వివరంగా చెప్పకుండా టీ తాగేవాడు కాదు. అయినా అక్కడికే రోజూ వెళ్ళాను, ఎందుకంటే ఆ రోతలో నాకు బాధ్యత లేదు. టీలు వచ్చేలోపు సలహాల బజారు తెరిచేవారు. సీటు నొప్పెడుతోందంటే ముక్కు కిందికి దించమని ఒకడు, పైకెత్తమని ఒకడు. చైను జారుతోందంటే కిరోసిన్‌లో నానబెట్టమని ఒకడు, కిరోసిన్ తాకనిస్తే సర్వనాశనం అని ఇంకొకడు. చైన్లూ బ్రేకులూ అయిపోయాక ఇళ్ళలోకి దూరేవారు. కొళాయి కారుతోందన్నా, తలుపు కిర్రుమంటోందన్నా, కోడలు మాట్లాడ్డం లేదన్నా అందరి దగ్గరా మందుండేది. మామ దగ్గరైతే లోకంలోని ప్రతి జబ్బుకూ మందు సైకిల్లోనే ఉండేది. కొళాయికి పాత ట్యూబు ముక్క చుట్టమనేవాడు. సింకు పూడుకుంటే స్పోకు వంచి దూర్చమనేవాడు. తలుపు కొట్టుకుంటుంటే అడుగున అరిగిన బ్రేకు రబ్బరు అతికించమనేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అక్కడ వినేవాళ్ళే లేరు, అందరూ చెప్పేవాళ్ళే. కానీ విచిత్రం ఏమంటే మామ చెప్పినవన్నీ పనిచేసేవి. మా సింకు స్పోకుతోనే తెరుచుకుంది. అదే నా కొంప ముంచింది.

ఇక నా రోగం గురించి చెప్పాలి. ముప్పై మూడేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినందువల్ల నా నోట ఇంగ్లీషు మాట అంత సులువుగా రాదు, వచ్చినా రానివ్వను. స్విచ్చిని మీట అనేవాణ్ణి. ఫ్రిజ్జును శీతల పేటిక అని అన్నందుకు మా ఇంటామె నాలుగు రోజులు నవ్వింది. అప్పటికి పద్నాలుగేళ్ళ కింద మా ఇంటికి లోపల తెల్లటి పలకలతో, లైట్ల కోసం గుండ్రటి కంతలతో ఫాల్స్ సీలింగ్ కొట్టించాం. చిత్తూరు జిల్లాలో ఏ ముసలమ్మను అడిగినా దాన్ని సీలింగనే అంటుంది. నేనొక్కణ్ణే కప్పు అన్నాను. బంగారం లాంటి తెలుగు మాట ఉండగా వేరొకటి ఎందుకని మేస్త్రీకి కూడా క్లాసు పీకాను. ఆమె మంచం పట్టిన రెండో నెలలో ఆ కప్పులోంచి సద్దు మొదలైంది. టకటక, టకటక, కాసేపు ఊరుకుని గీరుతున్నట్టు, మళ్ళీ టకటక. సరిగ్గా నేను అన్నం తిని హాల్లో నడుం వాల్చిన మధ్యాహ్నపు వేళ. రాత్రిళ్ళు మాత్రం నిశ్శబ్దం. ఎలుకలే అని తేల్చేశాను. ఎలుకలు పగలు పడుకుని రాత్రి తిరుగుతాయని మూడో తరగతి పిల్లవాడికి తెలుసు, మూడో తరగతి పిల్లలకు చెప్పిన నాకు తట్టలేదు. ఒకసారి మా ఇంటామె గదిలోంచి, "పైన సుట్టాలు దిగినారు, సూసినావా?" అంది నవ్వుతూ. నేను ఫోనులో సైకిళ్ళ గుంపు పంపిన టైర్ల ఫొటోలు చూస్తున్నాను. ఊఁ అన్నాను. ఎవరా చుట్టాలని అడగలేదు.

అడగవలసిన చోట అడగకుండా మరునాడు టీ అంగడి దగ్గర అడిగాను. ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే తర్వాత దాన్ని లోలోపల కొన్ని వందల సార్లు వల్లె వేసుకున్నాను. "మామా, మా కప్పులో టకటకమని సద్దు వస్తా ఉండాది. నిద్ర పట్టటంలే," అన్నాను. మామ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు రోగి దొరికితే మొహం వెలిగిపోతుంది.

"రెండు పక్కలా, ఒక పక్కేనా?"

"కుడిపక్కే."

"కప్పు ఏసి ఎన్నేండ్లయింది?"

"పద్నాలుగేండ్లు."

"పద్నాలుగేండ్లా! ఒక్క తూరి గూడా విప్పి సూళ్ళేదా?"

"యాడ సూసేది మామా, నాకు సేతగాదే."

"దాండ్లో ఏముండాది అయివారూ. విప్పండి. సుట్టూ గ్రీజు బాగా పట్టించండి, పిసినారితనం సెయ్యొద్దు. కొత్త గోళీలెయ్యండి. పక్కకి పదకొండు. పదీ కాదు, పన్నెండూ కాదు. మూడు దినాల్లో సద్దు మాయం."

పక్కన శ్రీ సిటీ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు దిగి బస్సులో వచ్చి, ఇంటికి కూడా పోకుండా మాతో సైకిలు తొక్కే కుర్రవాడు. "పదకొండే ఎందుకు మామా?" అన్నాడు ఆవలిస్తూ. "అది లెక్కరా. లెక్క తప్పితే లోపల నలిగి సస్తాయి," అన్నాడు మామ. నలిగి చచ్చేది గోళీలని ఆయన ఉద్దేశం. ఎలుకలని నా ఉద్దేశం. గ్రీజు సంగతి మాత్రం నాకు కాస్త వింతగా తోచింది. కానీ సింకును స్పోకుతో బాగుచేసిన మనిషి ఎలుకల కంతకు గ్రీజు పూయమంటే అందులో ఏదో మర్మం ఉంటుందనుకున్నాను. కంత చుట్టూ జిడ్డుంటే ఎలుక కాలు జారుతుంది కాబోలు. పాతకాలం వాళ్ళ తెలివి అని మెచ్చుకున్నాను కూడా.

ఎరువుల అంగడికి వెళ్ళి, "కప్పులో వేయడానికి గోళీలుండాయా?" అన్నాను. అంగడి ఆయన ఒక్క క్షణం చూసి, "ఎలకలకా సార్?" అని, నీలం రంగు మందుండలు పొట్లం కట్టి ఇచ్చాడు. పదకొండే కావాలని పట్టుబడితే, పన్నెండోది వెనక్కి తీసుకుంటూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇంటికొచ్చి భోజనాల బల్ల మీదికి ఎక్కి, కుడిపక్క లైటు ఊడదీసి, ఆ కంతలోంచి పదకొండు ఉండలూ ఒక్కొక్కటే లెక్కపెట్టి లోపలికి దొర్లించాను. మామ ఇచ్చిన నల్లటి గ్రీజు కంత చుట్టూ వేళ్ళతో పట్టించాను. పిసినారితనం చెయ్యలేదు. గదిలోంచి మా ఇంటామె, "ఏం జేస్తా ఉండావు ఆడ?" అంది. "బల్బు మారుస్తా ఉండా," అన్నాను. ఎలుకలంటే ఆమె భయపడుతుందని అబద్ధమాడాననుకున్నాను. నిజానికి ఆమెకు చెబితే ఏదో ఒకటి అంటుందని, అప్పుడు నిలబడి వినవలసి వస్తుందని ఆడాను.

మామ అన్నట్టే మూడు రోజుల్లో సద్దు మాయమైంది. నేను గుంపులో అందరి ముందూ మామకు దండం పెట్టాను. ఆయన ఉబ్బిపోయాడు. మధ్యాహ్నం కమ్మగా నిద్రపోయాను. అవి ఏప్రిల్ నెల చివరి రోజులు. మా ఊళ్ళో ఆ ఎండకు గోడలు కూడా చెమట పడతాయి. గ్రీజు కరిగి, పెరుగన్నం కలుపుకుంటున్న నా కంచంలోకి ఒక నల్లటి చుక్క రాలింది. ఛీ అని కంచం అవతలికి నెట్టాను. ఆ రోజే గదిలోకి వెళ్తే కిటికీ గట్టు మీద చెనక్కాయ గింజలు గుప్పెడు కనిపించాయి. అంతకుముందెప్పుడూ నేను ఆ గట్టు చూడలేదు. "ఇట్లా సెనక్కాయలు పరిస్తే ఇంట్లోకి ఎలకలు రాక ఏమొస్తాయి?" అని గొణుగుతూ ఊడ్చి బయట పడేశాను. ఆమె కిటికీ వంకే చూస్తూ ఉంది. మర్నాడు మళ్ళీ గుప్పెడు పెట్టించుకుంది. మళ్ళీ ఊడ్చాను. అలా మూడు రోజులు జరిగింది. ఆమె దేనికోసం ఎదురుచూస్తోందో అడగాలని నాకు తోచలేదు, ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

సద్దు ఆగిన అయిదో రోజుకు కంపు మొదలైంది. మొదట నొప్పుల నూనె వాసనే అనుకున్నాను, ఆమె గదివైపే అనుమానంగా చూశాను; ఆ చూపు తలుచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది. ఆరో రోజుకు అది ఏ నూనె వాసనా కాదని తెలిసిపోయింది. తియ్యగా, జిడ్డుగా, గొంతు వెనక పట్టుకుని వదలని కంపు. గుంపులో చెప్పాను. కాఫీపొడి గిన్నెల్లో పోసి మూలల్లో పెట్టమన్నాడు బ్యాంకాయన. కర్పూరం వెలిగించమన్నాడు ఒకడు. నిమ్మచెక్కలు కోసి పెట్టమన్నాడు గూడూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంకొకడు, వాళ్ళ ఊరి నిమ్మకాయలకు సాటి లేదని కాసేపు మాట్లాడాడు. నేను అన్నీ చేశాను. కాఫీ, కర్పూరం, నిమ్మ, కుళ్ళు కలిసి ఒక కొత్త కంపు తయారైంది, దానికి పేరు పెట్టడానికి నాకున్న తెలుగు చాల్లేదు. నేను పొద్దున్నే సైకిలెక్కి పారిపోయేవాణ్ణి. ఆమె కదల్లేదు. ఆ కంపు కింద, ఆ ఫ్యాను కింద పడుకునే ఉండేది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం బల్ల మీద, నా మంచినీళ్ళ గ్లాసు పక్కన, ఏదో మెతుకు కదిలినట్టు కనిపించింది. వంగి చూశాను. మెతుకు కాదు. పైకి చూశాను. కంత అంచున, నేను పూసిన గ్రీజులో, ఇంకో రెండు తెల్లగా మెదులుతున్నాయి. పరుగున పెరట్లోకి వెళ్ళి తిన్నదంతా కక్కాను.

మరునాడు ఆదివారం. నేను పిలిస్తే మామ, శ్రీ సిటీ తమ్ముడు సైకిళ్ళు అటునుంచి అటే మా ఇంటికి తిప్పారు. తమ్ముడు ఎదురింటి నిచ్చెన తెచ్చాడు. మామ మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎక్కి, పలక ఒకటి ఊడదీసి, టార్చి వేసి చూశాడు. మొదట ఆయన వేలికి తగిలింది గ్రీజు. "ఇదేంది అయివారూ, ఈడ గ్రీజెందుకు పూసినారు?" అన్నాడు. నాకు చిరాకు పుట్టింది. "నువ్వే కదా మామా పూయమంటివి. సుట్టూ పట్టించమంటివి కదా." ఆయన చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక నీలం ఉండ తీశాడు. సగం కొరికిన ఉండ. "ఇది?" అన్నాడు. "గోళీలు. పక్కకి పదకొండు. పదీ కాదు పన్నెండూ కాదు. లెక్కపెట్టే ఏసినా." మామ నిచ్చెన మీద అలాగే కూర్చుండిపోయాడు. "అయివారూ, నేను సెప్పింది సైకిలు కప్పు. పెడలు కాడ ఉండేది," అన్నాడు. తమ్ముడు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. నాకూ నవ్వు రాబోయింది, నిజం చెప్పాలి కదా. ఆ రాబోయిన నవ్వు మీదనే మామ రెండో చెయ్యి బయటికి వచ్చింది.

ఎలుక కాదు. వీపు మీద మూడు చారలున్నాయి. ఆ చారలు మాత్రమే ఇంకా తెలుస్తున్నాయి, మిగతాది చూడదగ్గట్టు లేదు. తర్వాత గూడు తీశాడు. మా ఇంటామె దిండులోని దూది, కొబ్బరి పీచు, నేను తాడు మీద ఆరేసి పోగొట్టుకున్నాననుకున్న సైకిలు గ్లౌజు నూలు, అన్నీ కలిపి అల్లిన మెత్తటి గూడు. అందులో బొటనవేలంతవి మూడు. వాటి చుట్టూ ఒలిచిన చెనక్కాయ తొక్కలు. నేను మధ్యాహ్నం పూట విన్న టకటకలన్నీ అవే. తమ్ముడు నవ్వు మానేశాడు. నేను ముక్కు మీద తువ్వాలు గట్టిగా అదుముకుని తల తిప్పుకున్నాను. గదిలోంచి ఆమె గొంతు వచ్చింది. "ఏమి దొరికింది?" మళ్ళీ అడిగింది. మామ నావైపు చూశాడు. నేను ఎలుక అని చెప్పమని కళ్ళతో సైగ చేశాను. ఆ సైగ చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మామ జీవితంలో ఎన్ని వింత సలహాలిచ్చాడో గానీ అబద్ధం మాత్రం ఆడలేదు. "ఉడతమ్మా. తల్లీ, పిల్లలూ," అన్నాడు.

"ఈడికి తీసుకురా అబ్బా," అందామె.

మామ పేపర్లో పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ పొద్దున పని ముగియక ఇంకా లోపలే ఉన్న ఆయమ్మ ఒక్కొక్కటే చెప్పింది, మామకో నాకో గోడకో. నేను సైకిలెక్కి వెళ్ళగానే రోజూ వెంటిలేటరు పక్క కంతలోంచి అది దిగేదట. గట్టు మీద గింజలు తిని, తర్వాత్తర్వాత దుప్పటి మీదికొచ్చి, చివరికి మా ఇంటామె అరచేతిలోంచే తీసుకునేదట. దానికి చిన్నమ్మి అని పేరు పెట్టిందట. కదలకుండా పడుకున్న మనిషి కాబట్టే అది భయపడలేదట. "పది దినాల్నుంచి రాలా ఇది. పిల్లలు పెట్టిందేమో, అందుకే రాలేదేమో అనుకుంటా ఉండానమ్మా," అంటూ ఆయమ్మ కళ్ళు తుడుచుకుంది. మా ఇంటామె మాత్రం ఏడవలేదు. పేపరు దగ్గరికి తీసుకుని, చెయ్యి చాచి, ఒక వేలితో దాని తోక నిమిరింది. నేను ముక్కు మూసుకునే ఉన్నాను. ఆమె మూసుకోలేదు. అప్పుడు నావైపు తిరిగింది. కోపంగా ఉండి ఉంటే తట్టుకునేవాణ్ణి. "ఊరంతా తిరిగి పదిమందినడిగినావు కదయ్యా," అంది. "నన్నొక్క మాట అడిగింటే సెప్పనా? పక్కన గదిలోనే కదా ఉండాను. యాడికీ పోలేను గూడా."

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని పిల్లలకు సామెతలు చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పేవాణ్ణి. నా విషయంలో ఎలుక కూడా లేదు. మామ వాటిని పెరట్లో కరివేపాకు చెట్టు కింద పూడ్చాడు, గుంత తవ్వింది నేనే. మర్నాడు పొద్దున ఐదున్నరకు ఆయమ్మ వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. బెడ్‌పాన్ నేను తీస్తానన్నాను. ఆయమ్మ వద్దంది, మా ఇంటామె వద్దనలేదు, ఔననలేదు. తీశాను. రోత పుట్టలేదా అంటే పుట్టింది, వాంతొచ్చింది, గట్టిగా పళ్ళు కరిచి పట్టుకుని తీశాను. రెండో వారానికి కొంచెం తగ్గింది. పూర్తిగా ఎప్పటికీ పోలేదు. నేను మంచివాణ్ణయిపోయానని ఎవరూ అనుకోకండి. రెండు నెలలు సైకిలు ముట్టలేదు. ఆమె చేతికర్ర పట్టుకుని హాలు దాటి వాకిట్లోకి వచ్చిన రోజున, "పో, కాళ్ళు పట్టేసినట్టుండాయి నీకు," అని తనే పంపింది. కిటికీ గట్టు మీద గింజలు పెట్టడం ఆమె మానలేదు. ఏ ఉడుతా రాలేదు. సాయంత్రం అవి తీసి మొక్కల్లో వెయ్యడం నా పని. ఊడ్చెయ్యను, చేత్తో ఏరతాను. గుంపులో మామ కూడా మారాడు. ఇప్పుడు ఎవరు ఏ రోగం చెప్పుకున్నా ముందు, "ఉండప్పా, యాడ? దేంట్లో? సైకిల్లోనా, ఇంట్లోనా?" అని మూడు సార్లు అడిగాక గానీ నోరు విప్పడు. కొత్తగా చేరినవాళ్ళు ఆయనకు చెవుడనుకుంటారు.

ఈ పొద్దున అందుకే మాట మధ్యలో ఆగిపోయాడు. "నేను ఇంటికాడికొచ్చి సేసిస్తాలే అయివారూ," అని మాత్రం అన్నాడు. నేను తలూపి, ఎడమకాలితోనే బలంగా తొక్కుకుంటూ, తిరుపతి దాకా ఆ టక్ వింటూ వచ్చాను. ఇల్లు చేరేసరికి ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని కరివేపాకు దూస్తోంది. సైకిలు స్టాండు వేసి, అలవాటు లేని పనే అయినా, ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. సైకిలు గురించి ఆమెకు ఏమీ తెలియదని నాకు తెలుసు. అయినా అడిగాను. "కప్పులో టకటకమని సద్దు వస్తా ఉండాది. ఏం జెయ్యాల?"

ఆమె చేతిలో రెబ్బ అలాగే ఆగింది. తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఏ కప్పు?" అంది.

రెండే మాటలు. ఆ రోజు టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు అడిగి ఉండవలసిన మాటలు. నేను ముందు ఇంట్లో నోరు విప్పి ఉంటే అప్పుడే వినబడేవి. పక్క గదిలోంచి నా దగ్గరికి రావడానికి వాటికి మూడేళ్ళు పట్టింది.